సిబిల్ స్కోరే లేదు, మొదటి క్రెడిట్ కార్డు కావాలి: ఆదాయానికి ఏ కాగితం పెడితే పని జరుగుతుంది?

ఉద్యోగం ఉంది, జీతం టైముకి పడుతోంది, ఎవరికీ రూపాయి బాకీ లేదు, అయినా కార్డుకి అప్లై చేస్తే రిజెక్ట్ అని మెసేజ్ వస్తుంది. అప్పు లేని మనిషంటే మన ఇళ్లలో గౌరవం, బ్యాంకుకి మాత్రం ముక్కూమొహం తెలీని మనిషి, అంతే తేడా. మీరు అప్పులు ఎలా కట్టారో చెప్పే నంబరే సిబిల్ స్కోరు, అది 300 నుంచి 900 మధ్య ఉంటుంది, మీరు ఇప్పటిదాకా అప్పే చెయ్యకపోతే అసలు నంబరే ఉండదు, రిపోర్టులో మైనస్ 1 అనో ఎన్‌హెచ్ (హిస్టరీ లేదు) అనో కనిపిస్తుంది. అది చూసి భయపడకండి, అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఆగస్టులో పార్లమెంటులో కూడా చెప్పింది. అలాగని బ్యాంకు కార్డు ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. హిస్టరీ లేనప్పుడు వాళ్లు పట్టుకుని చూసేది మీ ఆదాయాన్నే కాబట్టి ఏ కాగితం పెడుతున్నారన్నది బాగా లెక్కలోకొస్తుంది.

చాలామంది అడిగేది "ఎంత జీతం ఉంటే ఇస్తారు" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. నెలకి 60 వేలు సంపాదించి చేతికి క్యాష్ తీసుకునేవాడి కన్నా 25 వేలు ప్రతి నెలా ఒకటో తారీఖున కంపెనీ పేరు మీద ఖాతాలో పడేవాడికే కార్డు తొందరగా వస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు సంగతి మీరు చెప్పక్కర్లేకుండా బ్యాంకు తనంతట తనే చూసుకోగలదు.

అప్లై చేసేముందు రెండు పనులు

ఒకటి, మీకు నిజంగానే హిస్టరీ లేదా అన్నది చూసుకోండి. మన దగ్గర ఇది భలే తమాషాగా ఉంటుంది, నాకు లోన్లేమీ లేవు అంటారు, తీరా చూస్తే అమ్మ నగలు మీ పేరు మీద బ్యాంకులో పెట్టి తెచ్చిన గోల్డ్ లోన్ ఉంటుంది, లేదా నాన్నతో కలిసి సంతకం పెట్టిన చదువు లోన్, ఊళ్లో పొలం మీద పంట రుణం, ఈఎంఐలో కొన్న ఫోన్, ఏదో యాప్‌లో పే లేటర్. ఇవన్నీ రిపోర్టులోకి ఎక్కేవే. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని ఈ రిపోర్టులు తయారుచేసే నాలుగు కంపెనీలున్నాయి, ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. పాత గోల్డ్ లోన్ సరిగ్గా కట్టేసి ఉంటే మీరు అసలు ఈ గుంపులోనే లేరు, హాయిగా మామూలుగా అప్లై చేసుకోవచ్చు.

రెండు, మీ జీతం పడే బ్యాంకు యాప్ తెరిచి ప్రీ అప్రూవ్డ్ ఆఫర్ ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే ఇక కింద రాసిందంతా చదవక్కర్లేదు, ఏ కాగితమూ అడగరు, మీ డబ్బు రాకపోకలు వాళ్ల కళ్ల ముందే ఉన్నాయి కదా.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేనైతే నాలుగు విషయాలు చూస్తాను. బ్యాంకు ఆ కాగితాన్ని మీతో పని లేకుండా వేరే చోట సరిచూసుకోగలదా అన్నది మొదటిది, అన్నిటికన్నా పెద్దది కూడా. ఆ కాగితం మీ చేతికి రావడానికి ఎంత టైం పడుతుందన్నది రెండోది, కొన్ని రేపే దొరుకుతాయి, కొన్నిటికి ఏడాది ఆగాలి. దాని మీద లిమిట్, అంటే కార్డు మీద ఎంతదాకా వాడుకోవచ్చన్నది, ఎలా లెక్కేస్తారు అన్నది మూడు. దానికోసం మీరు ఏం వదులుకుంటున్నారు అన్నది నాలుగు, అది డబ్బు కావచ్చు, మీ ఖాతా గుట్టు కావచ్చు.

| కాగితం | చేతికి రావడానికి | బ్యాంకు నమ్మకం | లిమిట్ దేని మీద | మనకి నష్టం |
|---|---|---|---|---|
| పేస్లిప్పులు | 2, 3 నెలలు | ఖాతాలో జీతం పడితే బాగా | చేతికొచ్చే జీతం | దాదాపు ఏమీ లేదు |
| ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) | ఏటా జూన్‌లో | చాలా ఎక్కువ | ఏడాది జీతం | ఆగాలి |
| బ్యాంకు స్టేట్‌మెంట్ | వెంటనే | ఫైలుకి మధ్యస్తం, అకౌంట్ అగ్రిగేటర్‌కి (కింద చెప్పాను) ఎక్కువ | వచ్చే డబ్బు, ఉండే నిల్వ | ఖర్చులన్నీ కనిపిస్తాయి |
| ఐటీ (ఆదాయపు పన్ను) రిటర్న్ | ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు | చాలా ఎక్కువ | చూపించిన నికర ఆదాయం | తక్కువ చూపిస్తే తక్కువే |
| ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) | కొద్ది రోజులు | ఆదాయమే అడగరు | డిపాజిట్‌లో 75 నుంచి 100 శాతం | డబ్బు ఇరుక్కుంటుంది |

పేస్లిప్పులు, ఫారం 16: నెల జీతం వాళ్లకి

ఐటీ కంపెనీ, బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగం, పేరున్న హాస్పిటల్, ఇలాంటి చోట ఉన్నవాళ్లు ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఆఖరి రెండు మూడు నెలల స్లిప్పులూ, జీతం పడిన ఖాతా స్టేట్‌మెంటూ చాలు. బ్యాంకు వాళ్లు స్లిప్పులో గ్రాస్ చూడరు, పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ అన్నీ పోయాక చేతికొచ్చేది చూస్తారు, ఆ అంకె స్టేట్‌మెంట్‌లో పడిన అంకెతో పైసాతో సహా కలవాలి. సీటీసీ (కంపెనీ ఏడాదికి మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) ఆరు లక్షలు అని అప్లికేషన్‌లో 50 వేలు నెలకి అని రాసేసి, ఖాతాలో 41 వేలు పడుతుంటే ఆ తేడా దగ్గరే ఫైలు ఆగిపోతుంది. ఆఫర్ లెటర్ ఒక్కటే పెట్టి అడగడం కూడా అంతే, జీతం ఒక్కసారైనా పడకుండా దాని మీద ఇచ్చేవాళ్లు తక్కువ, రెండు నెలలు ఆగడమే మేలు.

అవుట్‌సోర్సింగ్‌లో చేసేవాళ్లు ఒకటి గమనించండి. పని చేసేది మున్సిపాలిటీలోనో కలెక్టరేట్‌లోనో, జీతం వేసేది ఏజెన్సీ. అప్లికేషన్‌లో కంపెనీ పేరు దగ్గర ఆఫీసు పేరు రాస్తారు, స్టేట్‌మెంట్‌లో ఏజెన్సీ పేరుంటుంది, స్లిప్పు మీద ఇంకేదో షార్ట్ పేరుంటుంది. జీతం ఎవరు వేస్తున్నారో ఆ పేరే రాయండి, పని చేసే ఆఫీసు అడ్రస్ విడిగా రాయండి.

ఫారం 16 మామూలుగా కంపెనీలు జూన్ 15 లోపు ఇస్తాయి. దీని గొప్పతనం ఏంటంటే కంపెనీ మీ జీతంలో ముందే కోసి మీ పాన్ మీద కట్టిన పన్ను (టీడీఎస్) ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న 26ఏఎస్ అనే రికార్డులోనూ ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించలేరు. కానీ కొత్తగా చేరినవాళ్లకి దీనివల్ల ఒక తిరకాసు ఉంది, డిసెంబర్‌లో చేరితే ఆ ఫారంలో నాలుగు నెలల జీతమే కనిపిస్తుంది, దాన్ని ఏడాది ఆదాయం అనుకుంటే మీరు పేదవాళ్లైపోతారు. అలాంటప్పుడు స్లిప్పులే పెట్టండి. పన్ను కట్ అవ్వనంత జీతమైతే కంపెనీ ఫారం 16 ఇవ్వకపోవచ్చు కూడా, దానికోసం హెచ్ఆర్‌తో గొడవ పడక్కర్లేదు.

ఇక క్యాష్ జీతాలు. ప్రైవేటు స్కూల్ టీచర్లు, మెడికల్ షాపుల్లో, బట్టల షాపుల్లో చేసేవాళ్లు, క్లినిక్ రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిలు, వీళ్లలో చాలామందికి జీతం కవర్లోనే ఇస్తారు. యజమాని లెటర్‌హెడ్ మీద జీతం ఇంత అని సర్టిఫికెట్ రాసి స్టాంపు వేసి ఇస్తాడు, మీరు దాన్ని పెద్ద ఆధారం అనుకుంటారు, బ్యాంకు దృష్టిలో మాత్రం అది ఎవరైనా కొట్టించుకోగలిగే కాగితం. సార్‌ని అడిగి ఖాతాలో వేయించుకోండి, యూపీఐలో పంపినా పర్లేదు, ప్రతి నెలా దాదాపు ఒకే తారీఖు, ఒకే చోటు నుంచి రావాలి. ఆరు నెలలు అలా నడిచాక అప్పుడు అడగండి. సగం ఖాతాలో సగం చేతికి ఇస్తే ఖాతాలోదే జీతం, మిగతాది ఎంత నిజమైనా లెక్కలోకి రాదు.

బ్యాంకు స్టేట్‌మెంట్: దీన్నే ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు

డెలివరీ బాయ్స్, క్యాబ్ నడిపేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఇంట్లో మగ్గం వర్కో కేకులో చేసి అమ్మే ఆడవాళ్లు, వీళ్లకి స్లిప్పు ఉండదు, రిటర్న్ ఎప్పుడూ వేసి ఉండరు, ఉన్నదల్లా ఖాతా. అది చిన్న ఆధారమేం కాదు, కాకపోతే దాన్ని ఎలా చదువుతారో తెలియాలి.

బ్యాంకు వాళ్లు మొత్తం ఎంత వచ్చిందని కూడి ఊరుకోరు. డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది, ప్రతి నెలా వస్తోందా, వచ్చిన రోజే మొత్తం వెళ్లిపోతోందా, నెల మధ్యలో ఖాతాలో ఎంత నిలుస్తోంది, ఏదైనా ఆటో డెబిట్ డబ్బుల్లేక వెనక్కి పోయిందా, ఇవి చూస్తారు. అలా ఒక్క బౌన్స్ ఉన్నా స్టేట్‌మెంట్ మీద నమ్మకం తగ్గుతుంది. రూమ్‌లో నలుగురుండి అద్దె మీ ఖాతా నుంచి కడుతుంటే ముగ్గురు పంపే వాటా మీ ఆదాయం కాదు, మీరు అనుకున్నా వాళ్లు అనుకోరు. అప్లై చేసేముందు ఫ్రెండ్ దగ్గర లక్ష తెచ్చి వేసి వారానికి తీసేయడం అనే పాత చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చెయ్యకండి. దానికన్నా వ్యాపారం డబ్బుకి ఒక ఖాతా, ఇంటి ఖర్చుకి ఒక ఖాతా విడగొట్టండి, ఆరు నెలల్లో స్టేట్‌మెంట్ దానంతటదే శుభ్రంగా కనిపిస్తుంది.

ఇచ్చే పద్ధతులు రెండు. నెట్ బ్యాంకింగ్‌లో దింపుకున్న పీడీఎఫ్ పంపడం ఒకటి, అది దింపిన ఫైలు దింపినట్టే పంపాలి, పాస్‌వర్డ్ తీసేసి మళ్లీ సేవ్ చేసినా, ప్రింట్ తీసి స్కాన్ కొట్టినా ఫైలు మారిందని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే అవకాశం ఉంది. రెండోది అకౌంట్ అగ్రిగేటర్. ఇది 2021 సెప్టెంబర్‌లో మొదలైంది, ఆర్బీఐ లైసెన్స్ ఉన్న ఫిన్‌వు, వన్‌మనీ లాంటి కంపెనీలు మధ్యలో ఉంటాయి, మీరు ఫోన్‌లో ఒప్పుకుంటే మీ బ్యాంకు నుంచి కార్డు ఇచ్చే బ్యాంకుకి వివరాలు నేరుగా వెళ్తాయి, మధ్యలో ఉన్న కంపెనీకి వాటిని చదవడానికి వీలుండదు. ఎన్ని నెలల వివరాలు, దేనికోసం, ఎంతకాలం అన్నది ఒప్పుకునేముందే స్క్రీన్ మీద ఉంటుంది, తర్వాత ఆ అనుమతి రద్దు చేసుకోవచ్చు కూడా. ఏజెంట్‌కి వాట్సాప్‌లో ఆరు నెలల స్టేట్‌మెంట్ పంపడం కన్నా ఇది వందరెట్లు నయం అని నా అభిప్రాయం, వాట్సాప్‌లో వెళ్లింది ఎవరి ఫోన్‌లో ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు. కాకపోతే దీనికి బ్యాంకులో ఇచ్చిన మొబైల్ నంబరే వాడాలి, జాయింట్ ఖాతాలు సాధారణంగా ఇందులోకి రావు, మీ డబ్బంతా చిన్న కోఆపరేటివ్ బ్యాంకులో ఉంటే అది ఈ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

ఐటీ రిటర్న్: సొంత పని వాళ్లకి గట్టి ఆధారం, మెలిక కూడా ఇక్కడే

ఫ్రీలాన్సర్లు, షాపులవాళ్లు, కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్లు, వీళ్లని బ్యాంకు మొదట అడిగేది రిటర్నే, కొన్ని బ్యాంకులు రెండేళ్లవి అడుగుతాయి. పన్ను కట్టనక్కర్లేదు కదా రిటర్న్ ఎందుకు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, పన్ను సున్నా అయినా రిటర్న్ రిటర్నే, అందులో ఆదాయం అంకె ఉంటుంది, ప్రభుత్వం దగ్గర దాఖలైంది, బ్యాంకుకి కావాల్సింది అదే.

మెలిక ఎక్కడంటే, బ్యాంకు మీ అమ్మకాలు చూడదు, ఆదాయం చూస్తుంది. కిరాణా కొట్టు ఉంది, ఏడాదికి 30 లక్షల అమ్మకాలు, మొత్తం యూపీఐలోనూ బ్యాంకులోనూ వచ్చిందే అనుకుందాం. చిన్న వ్యాపారులు అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించే లెక్క ఒకటుంది, ఇన్నాళ్లూ దాన్ని 44ఏడీ అని పిలుచుకుంటున్నాం, దాని ప్రకారం ఆడిటర్ గారు కనీసం 6 శాతం లాభం చూపించి రిటర్న్ వేసేస్తారు, అంటే లక్షా 80 వేలు, నెలకి 15 వేలు. కొట్టు కిటకిటలాడుతున్నా కాగితం మీద మీరు నెలకి 15 వేల మనిషి, కార్డు రాదు, వచ్చినా లిమిట్ చాలదు. ఆ 6 శాతం కనీసం మాత్రమే, నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను పడటం లేదు కాబట్టి మిగిలింది మిగిలినట్టు చూపిస్తే చాలామంది చిన్న వ్యాపారులకి రూపాయి ఖర్చు కాదు. ఆడిటర్ గారితో ఈ మాట మీరే ఎత్తాలి, ఆయన అలవాటుగా తక్కువే వేసుకుంటూ పోతారు. అలాగని కార్డు కోసం లేని ఆదాయం చూపించొద్దు, రేపు పన్ను శాఖ నోటీసుకి జవాబు చెప్పాల్సి వస్తుంది.

సాఫ్ట్‌వేర్, ఇంజనీరింగ్, డాక్టర్, లాయర్, ఇంటీరియర్ పనుల్లాంటి వృత్తుల వాళ్లకి 44ఏడీఏ లెక్క ఉంది, వచ్చిన ఫీజులో కనీసం సగం ఆదాయం. ఏడాదికి 10 లక్షలు ఫీజులొచ్చే ఫ్రీలాన్సర్‌కి కాగితం మీద 5 లక్షలు, నెలకి 41 వేల పైన, ఇది కార్డుకి బాగానే సరిపోతుంది. కమిషన్ మీద బతికే ఎల్‌ఐసీ ఏజెంట్లకి, బ్రోకర్లకి మాత్రం 44ఏడీ వర్తించదు, వాళ్లు ఖర్చులు రాసుకుని మామూలు పద్ధతిలోనే వెయ్యాలి.

ఇంకో మాట, కార్డు కావాలనుకున్న వారంలోనే రెండేళ్ల రిటర్నులు వరసగా వేసేస్తే ఆ తారీఖులు చూసి అనుమానపడతారు. ఈ ఏడాదిది టైముకి వేసి, మామూలు కార్డు వచ్చేదాకా కింద చెప్పిన ఎఫ్‌డీ కార్డుతో నడపడం నయం.

వ్యవసాయం వాళ్ల సంగతి వేరు, పంట ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్న్ అలవాటే ఉండదు. వేరే ఆదాయం కూడా ఉండి రిటర్న్ వేస్తే అందులో వ్యవసాయ ఆదాయం చూపించే చోటు ఉంది, కానీ క్రెడిట్ కార్డు బ్యాంకులు దాన్ని అంత ఇష్టంగా లెక్కలోకి తీసుకోవు. రైతుకి పంట రుణం టైముకి కట్టిన చరిత్రే పెద్ద ఆధారం.

ఎఫ్‌డీ కార్డు: ఆదాయమే చూపించనక్కర్లేదు

పై నాలుగింటిలో మీకేదీ కుదరకపోతే, లేదా డిగ్రీ చదువుతున్నారు, ఇంటి పట్టునే ఉంటారు, ఉద్యోగం మారే మధ్యలో ఉన్నారు, అప్పుడిది. బ్యాంకులో డిపాజిట్ వేస్తారు, దాన్ని తాకట్టుగా పెట్టుకుని అందులో 75 నుంచి 100 శాతం దాకా లిమిట్‌తో కార్డు ఇస్తారు, జీతం ఎంత అని అడగరు, 18 నిండితే చాలు. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్, ఎస్‌బీఐ ఉన్నతి, యాక్సిస్ ఇన్‌స్టా ఈజీ ఇలాంటివే. కనీసం ఎంత వెయ్యాలన్నది బ్యాంకుని బట్టి మారుతుంది, అప్లై చేసే రోజు వాళ్ల సైట్‌లోనే చూసుకోండి.

డిపాజిట్ మీద వడ్డీ మామూలుగా వస్తూనే ఉంటుంది, కాబట్టి ఖర్చు అన్నది పెద్దగా లేదు. కానీ కార్డు ఉన్నంతకాలం ఆ డబ్బు ముట్టుకోలేరు, ఇంట్లో ఆపదొస్తే ఎఫ్‌డీ ఉంది కదా అనుకోవడానికి లేదు. మీ దగ్గర ఉన్న పొదుపంతా 25 వేలే అయితే అది మొత్తం ఇందులో పెట్టకండి. కట్టకపోతే బ్యాంకు డిపాజిట్‌లోంచి తీసేసుకుంటుంది, ఆలస్యాలు రిపోర్టులో కూడా పడతాయి, తాకట్టు ఉంది కదా అని స్కోరు ఆగదు. వడ్డీ కూడా మామూలు కార్డులాగే, చాలాచోట్ల నెలకి 3 శాతం పైనే.

లాభం ఏంటంటే స్కోరు పుట్టడానికి ఇది బాగా పని చేస్తుంది. సుమారు ఆరు నెలలు వాడి ప్రతి నెలా మొత్తం బిల్లు కట్టేస్తే నంబరు వస్తుంది, 2025 జనవరిలో బ్యాంకులు పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలన్న నిబంధన వచ్చింది కాబట్టి మీరు కట్టింది రిపోర్టులో ఇంతకుముందు కన్నా తొందరగా కనిపిస్తుంది. లిమిట్ 20 వేలుంటే 6 వేల లోపు వాడుకోవడం మంచిది.

దీన్నీ యాడ్ ఆన్ కార్డునీ ఒకటి అనుకోవద్దు. నాన్న కార్డు మీద మీకు ఇంకో కార్డు తీసుకుంటే ఆదాయం అడగరు నిజమే, కానీ బిల్లు నాన్న పేరు మీద, చరిత్ర కూడా సాధారణంగా నాన్నకే పడుతుంది, మీరు రెండేళ్లు వాడినా మీ రిపోర్టు ఖాళీగానే ఉండొచ్చు. ఖర్చులకి సరే, స్కోరుకి పనికిరాదు.

మరి ఎవరికి ఏది

కొత్తగా ఐటీలో చేరినవాళ్లు మూడు జీతాలు పడేదాకా ఆగి స్లిప్పులతో, అదీ జీతం పడే బ్యాంకులోనే అడగండి. 25 వేల లోపు జీతమైతే అన్ని బ్యాంకుల చుట్టూ తిరగొద్దు, చాలా కార్డులకి కనీస జీతం దాని చుట్టుపక్కలే ఉంటుంది, ఎఫ్‌డీ కార్డుతో మొదలెట్టడం తెలివైన పని. ఫ్రీలాన్సర్‌కి రిటర్న్ ఉంటే రిటర్న్, లేకపోతే అగ్రిగేటర్ ద్వారా ఖాతా, రెండూ ఉంటే రెండూ. షాపు వాళ్లు ఈ ఏడాది రిటర్న్‌లో నిజమైన లాభం చూపించడం మొదలెట్టి వచ్చే ఏడాది అడగండి. డెలివరీ, క్యాబ్ లాంటి గిగ్ పనివాళ్ల దగ్గర స్టేట్‌మెంట్ ఎంత బాగున్నా నెల నెలకీ పెద్ద తేడాలుంటే బ్యాంకు తక్కువ వచ్చిన నెలనే పట్టుకుని చూసే అవకాశం ఎక్కువ, అందుకే వాళ్లకీ నేను ఎఫ్‌డీనే చెప్తాను.

మాల్లో స్టాల్ పెట్టుకుని కూర్చునే ఏజెంట్లు "స్లిప్ లేకపోయినా మేం చేసి పెడతాం సార్" అంటారు. ఆ చేసి పెట్టేది దొంగ స్లిప్పు, కింద సంతకం మీది, కేసైతే ఏజెంట్ ఫోన్ ఎత్తడు. పీఎఫ్ రికార్డు, 26ఏఎస్ చూస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. అప్లికేషన్‌లో ఆదాయం గడి మీరే నింపండి, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి.

రిజెక్ట్ అయితే

అదే రాత్రి ఇంకో మూడు చోట్ల అప్లై చెయ్యడం అందరూ చేసే పనే. ప్రతి అప్లికేషన్‌కీ బ్యాంకు మీ రిపోర్టు తీస్తుంది, ఆ ఎంక్వైరీలు అందులో మిగిలిపోతాయి, చరిత్ర లేని రిపోర్టులో అవి తప్ప ఇంకేం కనిపించవు. ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాలని ఆర్బీఐ క్రెడిట్ కార్డు నిబంధనల్లో ఉంది, మెయిల్ పెట్టి అడగండి. "ఆదాయం సరిచూడలేకపోయాం" అని వస్తే కాగితం మార్చి చూడొచ్చు, స్లిప్పు పెట్టినవాళ్లు ఫారం 16తో, ఫైలు పంపినవాళ్లు అగ్రిగేటర్‌తో. "ఆదాయం చాలదు" అని వస్తే ఏ కాగితం మార్చినా అదే అంకె కదా, అప్పుడు ఎఫ్‌డీ వేసుకోండి. "అంతర్గత పాలసీ" అని మాత్రమే వస్తే ఇంకోసారి వివరంగా అడగండి, అప్పటికీ చెప్పకపోతే ఓ ఆరు నెలలు ఆగి వేరే బ్యాంకులో చూడండి.